తవుడుకు కొన్న పిల్లాడి సినిమా

2023 వేసవి. మాదాపూర్‌లో ఒక అద్దాల బిల్డింగు, ఐదో అంతస్తు. మా ఓటీటీ కంపెనీ ఆఫీసు అక్కడే. నేను అందులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా సినిమాలు చూస్తాను, దానికి నాకు జీతం ఇస్తారు. ఈ మాట చెబితే మా ఎదురు ఫ్లాటు ఆవిడ ఇప్పటికీ నోరెళ్లబెడుతుంది. "పెట్టి పుట్టావమ్మా విజయా" అంటుంది. పెట్టి పుట్టిన మాట నిజమే గానీ, చూడటం ఒక్కటే అయితే ఎవరైనా చూస్తారు. చూసి ఒక మాట చెప్పాలి, ఆ మాటకు కట్టుబడి ఉండాలి. అదీ నా ఉద్యోగం.

దాన్ని మేం రేటింగ్ అంటాం. సినిమా మొదలయ్యేటప్పుడు తెర మూలన "యూ" అనో "యూ/ఏ 7+" అనో చిన్న అక్షరాలు కనిపిస్తాయి చూడండి, అది. యూ అంటే ఎవరైనా చూడొచ్చు. సెవెన్ ప్లస్ అంటే ఏడేళ్లలోపు పిల్లలకు పక్కన పెద్దవాళ్లు ఉండాలి. మా యాప్‌లో కిడ్స్ ప్రొఫైల్ అని పిల్లల కోసం వేరే గది లాంటిది ఒకటుంది. అందులోకి యూ ఉన్నవే వెళ్తాయి. తల్లులు వంట చేసుకుంటూ, మీటింగులో మాట్లాడుకుంటూ ఆ గదిలో పిల్లను వదిలేస్తారు. అంటే నన్ను నమ్మి వదిలేస్తారన్నమాట. గొప్పలు చెప్పుకుంటోంది అనుకున్నా సరే, నేను మాత్రం అలాగే అనుకుంటాను.

ఈ ఉద్యోగానికి ముందు నల్లగండ్లలో ఒక ప్లేస్కూల్లో పదేళ్లకు పైగా టీచర్ని. ముక్కులు తుడిచాను, గొడవలు తీర్చాను, వెయ్యిసార్లు చెప్పిన కథే మళ్లీ చెప్పాను. అందుకే ఆఫీసులో చిన్నపిల్లల సినిమా ఏదొచ్చినా నా బల్ల మీదికే వస్తుంది. నేను దాన్ని మూడుసార్లు చూస్తాను. మొదటిసారి అందరిలాగే కుర్చీలో. రెండోసారి నేలమీద చాప వేసుకుని, తల పైకెత్తి, పిల్లలు చూసినట్టు. మూడోసారి సౌండు పూర్తిగా తీసేసి. నాలుగైదేళ్ల పిల్లలకు డైలాగులు సగం అర్థం కావు, వాళ్లు ముఖాలు చదువుతారు. మొదట్లో ఆ చాపను చూసి అందరూ నవ్వారు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు కంప్యూటరుతో పాటు చాప కూడా ఇస్తున్నారు.

ఇక ఆ సినిమా. పేరు చెప్పను, ఉద్యోగ ధర్మం. నేరుగా ఓటీటీకే తీసిన కుటుంబ హాస్యచిత్రం. గోదావరి వైపు ఒక ఊరు, పెద్ద ఇల్లు, అమ్మా నాన్నా, ఇంటినిండా బాబాయిలు, అత్తలు, నానమ్మ. ఐదేళ్ల బుజ్జిగాడు అల్లరి చేస్తుంటే బాబాయి అంటాడు, "ఒరేయ్, నువ్వు మావాడివే కాదు, నిన్ను తవుడిచ్చి కొన్నాం" అని. వాడు నిజమనుకుంటాడు. తవుడు ఉండేది రైసుమిల్లులో కదా, సొంత అమ్మ కూడా అక్కడే ఉంటుందని చిన్న సంచీ సర్దుకుని మిల్లుకు పోతాడు. వెనకాల ఇల్లంతా పరుగు. బస్తాలు పగలడం, అందరూ తెల్లగా బూడిద పూసుకున్నట్టు తయారవడం, నానమ్మ తరాజులో కూర్చోవడం. చివరికి వాడు దొరుకుతాడు. ఇంటికి తెచ్చాక నానమ్మ అంటుంది, "మళ్లీ పారిపోయావంటే ఇంకో బస్తా తవుడు దండగ." అందరూ పడీపడీ నవ్వుతారు. శుభం.

నేనూ నవ్వాను. మిల్లు సీనులో కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను. అబద్ధం ఎందుకు?

మా టీమ్ లీడ్ అనిల్ అప్పటికే ఒకసారి చూశాడు. వరంగల్ పిల్లోడు, నాకంటే చిన్నవాడు, నా పైఅధికారి. చెక్‌లిస్టు అని ఒకటుంటుంది: రక్తం, బూతు, మందు, సిగరెట్టు, దయ్యం వగైరా ఉన్నాయా లేవా అని గీతలు పెట్టుకుంటూ పోవాలి. "అన్నీ క్లీన్ అక్కా. యూ ఇచ్చెయ్. పొద్దుగాల నుంచి పైనోళ్లు ఫోన్ల మీద ఫోన్లు. సమ్మర్ హాలిడేస్‌కి కిడ్స్‌ల మెయిన్ సినిమా ఇదే అంట" అన్నాడు.

నిజానికి ఇచ్చేసేదాన్నే. కానీ మూడోసారి మిగిలింది కదా. సౌండు తీసేసి చూశాను.

నవ్వులూ డప్పులూ తీసేస్తే ఆ సినిమాలో మిగిలింది ఒక పిల్లాడి ముఖం. బాబాయి ఆ మాట అన్నాక వాడు మళ్లీ నవ్వలేదు. ఆఖరి షాటులో ఇంటిల్లిపాదీ నవ్వుతుంటే, నానమ్మ చంకలో ఉన్న బుజ్జిగాడు మాత్రం గేటు వైపు చూస్తున్నాడు. ఆ పిల్లవాడు నటించాడో, ఎండకు అలిసిపోయి ఊరికే చూశాడో నాకు తెలియదు. నాలుగేళ్ల పిల్ల మాత్రం ఆ ముఖాన్నే చూస్తుంది. రెండు గంటల సినిమాలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "లేదు నాయనా, నువ్వు మావాడివే" అని వాడితో అనలేదు.

నేను సెవెన్ ప్లస్ రాశాను.

అనిల్ తల పట్టుకున్నాడు. "ఏందక్కా, గిట్ల పరేషాన్ చేస్తవ్? తౌడుకు కొన్నమని నన్ను గుడ అన్నరు. మా చిన్నమ్మ రోజూ అనేది. నేనేమన్న ఖరాబైనానా?"

"అయినవో కాలేదో నీ భార్యను అడగాలె, నన్నడిగితే ఎట్ల?" అన్నాను.

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. మళ్లీ అందరూ ఒకటే పాట. నన్నూ అన్నారు, నన్నూ అన్నారు, మా అన్నయ్యను చూపించి వాడు పుట్టాడు, నిన్ను కొన్నాం అన్నారు. తెలుగువాళ్ల ఇళ్లలో ఈ మాట పడని పిల్ల ఉండదేమో. నన్నూ అన్నారు. అక్కడే మేమంతా బోల్తా పడ్డాం. మనం తిని అరిగించుకున్న మాటలో తప్పు మనకు కనిపించదు. నాకూ ఏదో తేడా ఉందని తెలుస్తోంది గానీ, మరి మాకెందుకు ఏమీ కాలేదు అని అడిగితే జవాబు లేదు.

ఆ జవాబు మా అత్తమ్మ చెప్పింది. మాది నార్సింగి. ఒకప్పుడు మా మామయ్య జొన్న వేసిన చోటే ఇప్పుడు మా అపార్ట్‌మెంటు ఉంది. సాయంత్రం చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంటే అడిగాను. "అత్తమ్మా, మీ పిల్లలకు తౌడు ముచ్చట చెప్తుంటిరా?"

"ఎందుకు చెప్పం? నీ మొగనికే చెప్పినం. బోరుమని ఏడ్సేటోడు."

"మరి ఏం చేసేటోళ్లు?"

"ఏం చేసుడేంది? గప్పుడు ఇల్లునిండ మంది ఉంటుండె. ఒకరు తౌడుకు కొన్నమంటే ఇంకొకరు గుంజుకొని ఒళ్లె కూసోబెట్టుకునేది. 'వాడు కూత కూస్తుండు బిడ్డ, నువ్వు నా ముంగటనే పుట్టినవ్, గా మూలకే, గా నులక మంచం మీదనే' అని మొత్తం చెప్పేది. పోరగాండ్లు గా ముచ్చట ఇననీకే మల్ల మల్ల ఏడ్సేటోళ్లు." అత్తమ్మ ఒక కాయ పురుగుదని పక్కన పడేసింది. "ఏడిపిస్తే అయిపాయెనా? ఊకుంచాలె గదా."

చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది నాకు. ఆ వేళాకోళానికి రెండో సగం ఒకటుంది. ఒకరు ఏడిపిస్తారు, ఇంకొకరు పుట్టిన కథ చెబుతారు. మా అందరికీ రెండు సగాలూ దొరికాయి. సినిమాలో మొదటి సగమే ఉంది. మా అత్తమ్మకు ఆ రోజు రెండు కప్పుల టీ ఎక్కువ పెట్టాను.

మర్నాడు దర్శకుడు సుధీర్ ఆఫీసుకు వచ్చాడు. భీమవరం వైపు మనిషి, మొదటి సినిమా. భార్యకు ఇక్కడే సాఫ్ట్‌వేరులో ఉద్యోగం, స్కూలుకు సెలవులు, అందుకని కూతుర్ని వెంటబెట్టుకునే వచ్చాడు. ఐదేళ్ల లాస్య. కోపంగా ఉన్నాడు గానీ మర్యాద తప్పలేదు.

"మేడం, ఇది చిన్నపిల్లల కోసమే తీశానండి. ఏళ్ల తరబడి తిరిగితే దొరికిన సినిమా అండి. కిడ్స్‌లో లేకపోతే దీన్ని చూసేదెవరండి? పెద్ద హీరో ఉన్నాడా, పాటలున్నాయా? మీరు ఒక్క అక్షరం మారిస్తే నా సినిమా ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదండి."

నిజమే. అతని బతుకు ఆ అక్షరం మీదే ఉంది. నాకు జాలి వేసింది, ఎందుకు దాచాలి? సినిమా తీయడం చేతనైన మనిషి. జాలి వేసిందని రేటింగ్ మారిస్తే మాత్రం, రేపు వంటింట్లోంచి నన్ను నమ్మే తల్లికి నేనేం చెప్పాలి?

అత్తమ్మ చెప్పిన రెండో సగం గురించి చెప్పాను. అతను ఒప్పుకోలేదు. "పిల్లలు అంత లోతుగా ఆలోచించరండి. మా పాపే సాక్ష్యం. ఎడిటింగ్ అప్పుడు మూడుసార్లు చూసింది, మూడుసార్లూ నవ్వింది. ఇంకో మాట చెప్పనా? చూసినప్పటినుంచి ఎంత బుద్ధిమంతురాలైందో తెలుసాండి? అన్నం మారాం చేయకుండా తింటుంది. బొమ్మలు తనే సర్దేస్తుంది. మా ఆవిడైతే నీ సినిమా అందరి పిల్లలకూ చూపించాలి అంటోందండి."

అనిల్ నా వైపు చూశాడు, ఇంకేంటి అక్కా అన్నట్టు. ప్లేస్కూల్ టీచర్లకు మాత్రం ఒక లెక్క ఉంటుంది. వేసవి సెలవుల్లో ఐదేళ్ల పిల్ల ఉన్నట్టుండి బుద్ధిమంతురాలైందంటే ముందు నుదురు పట్టుకుని చూడాలి. జ్వరం లేకపోతే దేనికో భయపడిందని అర్థం.

అప్పుడు లాస్యను సరిగ్గా చూశాను. చేతులు ఒళ్లో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుంది. ముందు బిస్కెట్ల ప్లేటు ఉంది, పక్కన జ్యూసు ఉంది. దేన్నీ ముట్టుకోలేదు. కాళ్లు కూడా ఊపడం లేదు. కుర్చీలో కూర్చున్న ఐదేళ్ల పిల్ల కాళ్లు ఊపకుండా ఉండటం నేను మొదటిసారి చూశాను.

"సార్, పాపతో జర మాట్లాడొచ్చా? మీ ముందరే" అన్నాను. "భేషుగ్గా అండి" అన్నాడు, ధీమాగా.

నా చాప పరిచి, రంగుల పెన్సిళ్లు వేసి కూర్చున్నాను. లాస్య నాన్న వైపు చూసి, ఆయన తల ఊపాకే వచ్చి కూర్చుంది. ఇల్లు గీయడం మొదలుపెట్టింది. గీతలు బయటికి పోకుండా రంగు వేస్తోంది. కాసేపు నేనూ ఒక పిల్లిని గీసుకున్నాను.

"నాన్న సినిమా చూశావంట కదా. అందులో బుజ్జి ఎక్కడికి వెళ్లాడు?"

"మిల్లుకి."

"ఎందుకో?"

"వాళ్లమ్మ అక్కడుంటుంది కదా."

"మరి ఇంట్లో ఉన్న ఆవిడ?"

"ఆవిడ వాడిని కొనుక్కున్నావిడ" అంది లాస్య, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

సుధీర్ పకపకా నవ్వాడు. "చూశారాండి, ఎంత సరదాగా చెబుతుందో!"

నేను నవ్వలేదు. "ఓహో. దేంతో కొన్నారు?"

"తవుడుతో."

"తవుడంటే ఏంటి తల్లీ?"

కాస్త ఆలోచించింది. హైటెక్ సిటీ పిల్ల, పాపం తవుడు ఎక్కడ చూస్తుంది? "డబ్బుల్లాంటిది అనుకుంటా. ఫోన్‌లో కొడతారు" అంది. తర్వాత పెన్సిల్ ఆపి, తనే అడిగింది. "ఆంటీ, బుజ్జి బాగా అల్లరి చేశాడు కదా. మరి వాడిని రిటర్న్ ఎందుకు పెట్టలేదు?"

"రిటర్న్ అంటే?" అన్నాను.

"కొన్నవి బాగోకపోతే పెడతారు కదా. నా పింకు గౌను పెట్టేశారు. అమ్మ చెప్పులు కూడా. అంకుల్ వచ్చి బ్యాగులో వేసుకుని వెళ్లిపోతాడు." ఇంటికి తలుపు గీసి, దానికి జాగ్రత్తగా రంగు వేసింది. తర్వాత వాళ్ల నాన్న వైపు తిరిగి, చాలా మామూలుగా, నీళ్లు కావాలని అడిగినట్టు అడిగింది. "నాన్నా, నన్ను రిటర్న్ పెట్టడానికి ఇంకా ఎన్ని రోజులున్నాయి?"

సుధీర్ ముఖం నేను మర్చిపోలేను. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. "నేనే అన్నానండి" అన్నాడు నాతో. "డబ్బింగ్ అప్పుడు ఒకరోజు ఊరికే అన్నానండి. నిన్ను కూడా తవుడుకే కొన్నాం అని. నవ్వింది. అప్పుడు నవ్విందండి."

"సార్, నాతోటి కాదు. పాపకు చెప్పండ్రి. ఎట్ల పుట్టిందో చెప్పండ్రి. మొత్తం చెప్పండ్రి."

ఆ పెద్దమనిషి ఇస్త్రీ ప్యాంటుతో వచ్చి నా చాప మీద కూలబడ్డాడు. కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. ఆ రోజు ఎంత వాన పడిందో చెప్పాడు. గచ్చిబౌలిలో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచాయని చెప్పాడు. బుక్ చేసిన క్యాబు రాక, అమ్మ ఆటోలో కూర్చుని డ్రైవరును "అన్నా, గుంతలు చూసుకో" అని తిడుతూ వెళ్లిందట. ఆయన చెప్పులు వాన నీళ్లలో కొట్టుకుపోతే ఉత్తకాళ్లతో హాస్పిటల్‌లో నిలబడ్డాడట. పుట్టిన పిల్ల ఏడవడానికి ముందు తుమ్మిందట.

"తుమ్మానా?" అంది లాస్య.

"గట్టిగా తుమ్మావు. డాక్టరమ్మ కూడా నవ్వేసింది."

"అయితే నన్ను కొనలేదా?"

"లేదమ్మా. నాన్న అబద్ధం చెప్పాడు. వెధవ జోకు అది. నువ్వు మీ అమ్మ కడుపున పుట్టిన బంగారానివి."

ఇక్కడ నేను నోరు ఆపుకోలేకపోయాను. నా ప్లేస్కూల్లో పెంచుకోవడానికి తెచ్చుకున్న పిల్లలు కూడా ఉండేవారు. "పుట్టినా, తెచ్చుకున్నా, పిల్లలకు రిటర్న్ ఉండదు బిడ్డా. ఎవ్వరికీ ఉండదు. ఎంత అల్లరి చేసినా సరే" అన్నాను.

"ఎంత చేసినా?"

"ఎంత చేసినా."

లాస్య కాసేపు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత బల్ల దగ్గరికి వెళ్లి, నాన్న వైపు చూడకుండానే రెండు చేతులతో బిస్కెట్లు తీసుకుంది. కుర్చీ ఎక్కి కూర్చుని కాళ్లు ఊపడం మొదలుపెట్టింది. ఆ ఊపుకు జ్యూసు గ్లాసు అనిల్ లాప్‌టాప్ పక్కన బోర్లా పడింది. "ఏం కాదు, ఫికర్ చెయ్యకు తల్లీ" అంటూ మా వరంగల్ పిల్లోడు తన చేతిరుమాలుతో తుడుస్తూ, కళ్లు కూడా అదే రుమాలుతో తుడుచుకున్నాడు. నేను చూడనట్టే ఉన్నాను.

సినిమాలో ఇది తీయండి, అది పెట్టండి అని చెప్పే హక్కు మాకు లేదు. ఉన్నదాన్ని బట్టి అక్షరం వేయడమే మా పని. కాబట్టి నేనేమీ చెప్పలేదు. సుధీరే చెప్పాడు, వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి. "మేడం, నానమ్మ సీను ఒకటి తీశానండి. రాత్రి మంచం మీద బుజ్జిగాడికి వాడు పుట్టిన కథ చెబుతుంది. ఎడిటింగ్‌లో ల్యాగ్ అనిపించి కోసేశామండి." ల్యాగ్ అంటే సాగదీసినట్టు ఉండటం. సినిమావాళ్లకు దానికన్నా పెద్ద బూతు లేదు.

ఆ సీను పెట్టుకుని సినిమా మళ్లీ పంపాడు. నేను మళ్లీ మూడుసార్లు చూశాను. మూడోసారి, సౌండు లేకుండా, నానమ్మ పెదాలు కదులుతుంటే బుజ్జిగాడి ముఖం నెమ్మదిగా విచ్చుకోవడం చూశాను. ఆ పసివాడు ఎండకు అలిసిపోయి కాదు, నిజంగానే నటించాడు. ఎంత గొప్ప నటుడో! సెవెన్ ప్లస్ కొట్టేసి యూ రాశాను. అనిల్ సంతకం పెడుతూ, "అక్కా, నిన్న మా చిన్నమ్మకు ఫోన్ చేసి నేనెట్ల పుట్టిన్నో మల్ల చెప్పించుకున్న" అన్నాడు.

సినిమా వేసవిలోనే వచ్చింది. పిల్లలు చూశారు, సుధీర్‌కు ఇంకో సినిమా వచ్చింది. మా చెక్‌లిస్టులో ఇప్పుడు కొత్తగా ఒక ప్రశ్న ఉంది, అది నేను పెట్టించింది: కథలో పిల్లలకు కలిగే భయానికి కథలోనే ఎవరైనా జవాబు చెప్పారా? ఈ ప్రశ్న నాది అని కొత్తవాళ్లకు నేనే చెబుతాను, సిగ్గుపడను. మా అత్తమ్మది కూడా అని చెబుతాను. పిల్లలు నవ్వితే సినిమా మంచిదనీ, బుద్ధిగా కూర్చుంటే ఇంకా మంచిదనీ అనుకుంటాం. ఆ కేసు తర్వాత నేను రెంటినీ నమ్మడం మానేశాను. నవ్వు అయిపోయాక పిల్ల ఏం అడుగుతుందో విని, అప్పుడు అక్షరం వేస్తాను.

సినిమా వచ్చిన కొన్నాళ్లకు సుధీర్ ఫోన్ చేశాడు. "మేడం, పాప హాలు గోడ మొత్తం స్కెచ్ పెన్నులతో గీసేసిందండి. అన్నం తినమంటే మంచం కింద దూరుతోంది. ఇల్లు పీకి పందిరి వేస్తోందండి బాబూ!" తిడుతున్నాడనుకుంటారేమో, ఆ గొంతులో ఎంత సంతోషమో. ఇంతలో వెనకనుంచి ఏదో భళ్లుమని పగిలిన చప్పుడు, వెంటనే కిలకిలా నవ్వు.

"విన్నారాండి?" అన్నాడు.

"విన్న సార్" అన్నాను. "గట్లనే ఉండనీయండ్రి."